మన పన్నులు, వాళ్ల పిల్లలు

ఈమధ్య మన విద్యావంతులలో ఒక కొత్తరకం దేశభక్తి బయలుదేరింది. దీనికి దేశమంతా అక్కర్లేదు. వింధ్యకు దిగువనున్న భాగం చాలు. "పన్నులు కట్టేది మనం, పిల్లల్ని కనేది వాళ్లు, డబ్బు పోయేది వాళ్లకి" అన్న మూడు ముక్కల్లో దాని సారాంశమంతా ఇమిడిపోతుంది. వాళ్లంటే బీహారువాళ్లు, ఉత్తరప్రదేశ్ వాళ్లు. ఇక మనమంటే ఎవరో చెప్పడం అంత తేలిక కాదు. నా పేచీ అంతా ఆ "మన" దగ్గరే.

ఈ మాట రాజకీయ నాయకులు మాత్రమే అంటూ వుంటే నేను కలం పట్టవలసిన పనిలేదు. ఓట్లకు వెళ్లేవాడికి ఎవరో ఒక శత్రువు కావాలి, దూరాన వున్న శత్రువైతే మరీ క్షేమం. కాని శ్రామికవర్గ సాహిత్యం మీద పాఠం చెప్పి వచ్చిన మిత్రులు స్టాఫ్ రూములో టీ తాగుతూ ఇదే మాట అంటున్నారు. మన సభల్లో కూలివాడి చెమట మీద గేయం చదివి చప్పట్లు కొట్టించుకున్న కవి, సభ ముగిశాక రోడ్డు మీదికి వచ్చి, "ఎక్కడ చూసినా ఈ బీహారీలేనండీ" అని విసుక్కుంటున్నాడు. నేను తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి, లెక్కలు నా వృత్తి కాదు. అయితే సమాసానికి విగ్రహవాక్యం చెప్పడం నా వృత్తే. "మన పన్ను" అన్నప్పుడు ఆ షష్ఠీవిభక్తి ఎవరికి చెందుతుందో అడిగే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

ముందుగా జరిగినదేమిటో చెప్పుకుందాం. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంత, ఆ వాటాలో ఏ రాష్ట్రానికి ఎంత అన్నది ఫైనాన్సు కమిషన్ తేలుస్తుంది. తలలు ఎక్కువ వున్నచోట ఖర్చు ఎక్కువ గనక తలల లెక్క అందులో మొదటినుంచీ వుంది. 1976లో జాతీయ జనాభా విధానం ప్రకటిస్తూ, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రం నష్టపోగూడదని 1971 జనాభా లెక్కనే ప్రమాణంగా బిగించారు. దాదాపు నలభై ఏళ్లు ఆ లెక్కే నడిచింది. పద్నాలుగో కమిషన్ 1971 జనాభాకు 17.5 శాతం, 2011 జనాభాకు 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. పదిహేనో కమిషన్‌కు మాత్రం 2011 లెక్కే వాడమని 2017లో కేంద్రం ఆదేశించింది. దక్షిణాదిన గగ్గోలు పుట్టింది. 2018 ఏప్రిల్‌లో తిరువనంతపురంలోనూ, మే నెలలో మన అమరావతిలోనూ ఆర్థిక మంత్రులు సమావేశమయ్యారు. చిన్న కుటుంబం పెట్టుకోమన్నది మీరే, పెట్టుకున్నందుకు శిక్ష వేసేదీ మీరేనా అన్న వారి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కమిషన్ కూడా ఆ న్యాయాన్ని కొంత గుర్తించి, జననాల రేటు తగ్గించినందుకు 12.5 శాతం కేటాయించింది.

ఫలితమేమిటి? 2021-26 కాలానికి ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047 శాతానికి, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102కు పడిపోయాయి. కేరళ 2.5 నుంచి 1.925కు, కర్ణాటక 4.713 నుంచి 3.647కు దిగాయి. బీహారు 9.665 నుంచి 10.058కి పెరిగింది. ఇంతవరకు వేదికల మీద చెబుతారు. మిగతా రెండు అంకెలు చెప్పరు. ఉత్తరప్రదేశ్ వాటా 17.959 నుంచి 17.939కి, వెంట్రుకవాసి అయినా సరే, తగ్గింది. తమిళనాడు వాటా 4.023 నుంచి 4.079కి పెరిగింది. దక్షిణాన్ని కొట్టి ఉత్తరానికి పెట్టడమే దీని రహస్యమయితే ఈ రెండు అంకెలూ ఇలా వుండగూడదు.

అసలు రహస్యం మరోచోట వుంది. పదిహేనో కమిషన్ సూత్రంలో అన్నిటికన్న పెద్ద భాగం, నూటికి 45 వంతులు, తలసరి ఆదాయాల మధ్య అంతరానిది. సంపన్నమైన రాష్ట్రానికి వాటా తగ్గుతుంది, పేద రాష్ట్రానికి పెరుగుతుంది. బెంగుళూరు బలిసింది గనక కర్ణాటక వాటా చిక్కింది. హైదరాబాదు మూలంగా తెలంగాణకూ అదే జరిగింది. ఇందులో మంచిచెడ్డలు తర్కించవచ్చు. కాని "మేం ధనికులమైనాం గనక మాకు తగ్గించారు" అని వేదికెక్కి చెబితే ఎవరి రక్తమూ ఉడకదు. "వాళ్లు పిల్లల్ని కంటున్నారు" అంటే ఉడుకుతుంది. ఈ నుడికారం మనకు కొత్తది కాదు. పేదవాడకేసీ, ముస్లిములకేసీ చూపుడువేలు పెట్టి ఇదే మాట అనడం తరతరాలుగా మనవాళ్లకు అలవాటే. ఇప్పుడు అది రాష్ట్రాల పటం కప్పుకుని, ఆర్థికశాస్త్రం వేషంలో వచ్చింది.

సరే, "మేం జనాభా తగ్గించాం" అంటారు. ఎవరు తగ్గించారండీ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7, తెలంగాణలో 1.8, బీహారులో 3. అదే సర్వేలో ఇంకో అంకె వుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో వున్న స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్లలో ఆ పని చేయించుకున్నవారు లెక్కకు రారు. పాతికేళ్లు నిండీనిండకముందే, రెండో పురుడు కాగానే, ఆస్పత్రి వరండాల్లో బల్లల మీద పడుకున్న కూలి ఆడవాళ్లు ఈ ఘనకార్యం సాధించారు. వాళ్ల కడుపుల మీది కుట్లను రాష్ట్రం తన ఖాతాలో వేసుకుని ఢిల్లీకి వెళ్లి మార్కులు అడుగుతున్నది. ఇంతకూ ఆ 12.5 శాతం మార్కుల మీద వచ్చిన సొమ్ములో ఈ ఆడవాళ్ల పేర దమ్మిడీ అయినా రాసినట్లు నేను వినలేదు.

ఇక ఇప్పుడు గాలి తిరిగింది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక పదవులకు పనికిరారన్నారు. అదే నిబంధనను 2024 నవంబరులో రద్దు చేశారు. రద్దు చేయడం మంచిదే, అది మొదటినుంచీ పేదల మీద పడ్డ నిబంధన. కాని ఏ కారణం చెప్పి రద్దు చేశారో చూడండి. ఇంకా పిల్లలు కావాలట. ఒకప్పుడు చిన్న కుటుంబాన్ని ప్రచారం చేసిన చంద్రబాబునాయుడుగారే 2024 అక్టోబరులో ఎక్కువమందిని కనమని పిలుపిచ్చారు. అదే నెలలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ పదహారుమంది పిల్లల ఆశీర్వాదం గుర్తుచేశారు. 2025 మార్చిలో విజయనగరం పార్లమెంటు సభ్యులవారు మరో అడుగు వేసి, మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడయితే ఆవు ఇస్తామన్నారు. తల్లికి ఆవు వచ్చినా డబ్బు వచ్చినా మోసేది కడుపే గదా. ముప్పై ఏళ్ల కిందట పన్నుల వాటా కోసం కనవద్దన్నారు, ఇప్పుడు పన్నుల వాటా కోసమూ పార్లమెంటు సీట్ల కోసమూ కనమంటున్నారు. స్త్రీని ఖజానాకు అనుబంధ శాఖగా చూడడంలో మాత్రం తేడా ఏమీ లేదు.

ఇప్పుడు "మన పన్ను" సంగతికి వస్తాను. ఇక్కడ వసూలయినది ఇక్కడిదే అన్న సిద్ధాంతం 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దాకా వెళ్లింది. "నా పన్ను, నా హక్కు" అని కన్నడంలో నినాదం రాసుకుని కర్ణాటక ప్రభుత్వమే ధర్నా చేసింది. మనవాళ్లు చాలామంది ఆ నినాదాన్ని మెచ్చుకున్నారు. కనీసం ఆంధ్రులకయినా ఈ మెప్పు నోట రాగూడదు. ఎందుకో చెబుతాను.

2013లో నేను యం.ఏ. చదువుతున్న రోజుల్లో సమైక్యాంధ్ర సభలు విన్నాను. అక్కడ ప్రతి వక్తా చెప్పిన మాట ఒకటే: హైదరాబాదులో వసూలయ్యే పన్ను హైదరాబాదుది కాదు, ఇరవై మూడు జిల్లాల చెమట అక్కడ పోగుపడింది, కంపెనీ బోర్డు అక్కడ తగిలించారు గనక పన్ను అక్కడి లెక్కలో పడుతున్నది, అంతే. 2014లో విభజన చట్టం వచ్చింది. అప్పులను జనాభా నిష్పత్తిన, అంటే 58.32కు 41.68 చొప్పున పంచారు. ఆదాయం మాత్రం ఎక్కడ వున్నది అక్కడే వుండిపోయింది. వసూలు కావలసిన పన్ను బకాయిలు మదింపు జరిగిన చోటుకు పోతాయి, తిరిగి చెల్లించవలసినవి మాత్రం జనాభా చొప్పున భరించాలి. ఇది అన్యాయమని ఆంధ్ర ప్రభుత్వాలు, పార్టీ ఏదయినా, మొత్తుకుంటూనే వున్నాయి. మొత్తుకోవలసిందే. కాని ఆ వాదాన్ని ఒక్కసారి ఉత్తరానికి తిప్పి చూడండి. గని జార్ఖండులో, కంపెనీ ఆఫీసు బొంబాయిలో. పన్ను బొంబాయి లెక్కలో పడుతుంది. అప్పుడు జార్ఖండ్ మనిషి, ఇది బొంబాయి సొమ్ము కాదు, నా గోతిలోంచి తవ్వినది అంటే, విజయవాడలో కూర్చున్న మనం ఏ నోటితో కాదంటాం?

తెలంగాణ మిత్రులకు ఈ చరిత్రలో రెండో వైపు తెలుసు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదికలోనే, తెలంగాణ ఆదాయం కోస్తాకు తరలిపోతుందన్న భయం నమోదయి వుంది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ మిగులును తెలంగాణలోనే ఖర్చు చేస్తామని రాసుకున్నారు. ఖర్చు చేయలేదు. 1969లో జనం తిరగబడ్డాక మిగులు ఎంతో లెక్కతేల్చడానికి కుమార్ లలిత్ కమిటీ వేశారు. ఆ కోరికనూ ఇప్పటి నినాదాన్నీ ఒక గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. అది రాసిచ్చిన మాట తప్పినందుకు పుట్టిన పోరాటం, వెనకబడ్డవాడు అడిగిన లెక్క. ఇప్పుడు ముందున్నవాడు వెనకబడ్డవాణ్ణి లెక్క అడుగుతున్నాడు. రెండింటికీ వాడే మాటలు ఒకటే కావచ్చు, మాట్లాడే నోళ్లు వేరు.

ఈ లెక్కలన్నిటిలోనూ ఎక్కడా కనపడని మనిషి ఒకడున్నాడు. 2011 జనాభా లెక్కలనాడు బీహారులోని ఖగడియా జిల్లాలో పదేళ్ల పిల్లవాణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. వాడి తల బీహారు లెక్కలో పడింది. వాణ్ణి సాకింది తల్లి, వాడు వెళ్లిన నాలుగు క్లాసుల బడికి జీతాలిచ్చింది బీహారు ప్రభుత్వం. పెరిగి పెద్దవాడై తెలంగాణకు వచ్చి రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడు. వాడి కండ తెలంగాణ ఉత్పత్తి అంకెలో కలుస్తున్నది. జి.యస్.టి. 2017 జూలై 1 నుంచి వస్తువు వినియోగమయిన చోటుకు చేరే పన్ను గనక, వాడు కొన్న సబ్బుబిళ్ల మీదా, సెల్‌ఫోన్ మీదా రాష్ట్రం వంతు హైదరాబాదు ఖజానాకే వస్తుంది. రాత్రి ఒళ్లు నొప్పులకు క్వార్టర్ సీసా కొంటే ఆ ఎక్సైజూ, వ్యాటూ పూర్తిగా ఇక్కడివే. ఇంటికి పంపిన డబ్బుతో వాడి అమ్మ కొన్నదాని మీది వంతు మాత్రం పాట్నాకు పోతుంది. ఓటు ఊళ్లో, ఒళ్లు ఇక్కడ. ఇక్కడి శాసనసభ్యుడికి వాడితో పనిలేదు, అక్కడి శాసనసభ్యుడికి వాడు కనపడడు. అటువంటివాణ్ణి చూపించి మనం "మన పన్ను వాళ్లు తింటున్నారు" అంటున్నాం. పెంచే ఖర్చు ఒకరిది, పెరిగిన కండ మరొకరిది అయినప్పుడు ఎవరు ఎవరికి బాకీ వున్నారు?

మన పిల్లల సంగతి ఎత్తితే ఈ ప్రశ్న బాగా బోధపడుతుంది. ప్రజల సొమ్ముతో ఫీజులు కట్టి ఇంజనీర్లను చేసి అమెరికా పంపిస్తున్నాం. వాళ్ల ఆదాయం మీద పన్ను అమెరికా ప్రభుత్వానికి పోతుంది. ఇది చూసి మనం ఏడవడం లేదు, గర్వపడుతున్నాం. అక్కడివాడు ఎవడయినా "ఈ తెలుగువాళ్లు వచ్చి పడుతున్నారు" అంటే మాత్రం జాత్యహంకారమని కేకలు వేస్తాం. అది జాత్యహంకారమే. స్టాఫ్ రూములో టీ తాగుతూ అన్నదాని పేరు ఏమిటి మరి?

2020 మే 1న లాక్‌డౌనులో మొట్టమొదటి శ్రామిక రైలు లింగంపల్లి నుంచి జార్ఖండులోని హటియాకు దాదాపు 1,200 మందితో బయలుదేరింది. అంతకు రెండురోజుల ముందు సంగారెడ్డి దగ్గర కట్టుబడి కూలీలు జీతాల బకాయి ఇమ్మనీ, ఇంటికి పోనిమ్మనీ తిరగబడితే తప్ప ఆ రైలు కదలలేదు. వారం తిరిగిందో లేదో, ఎదురు దిక్కున ఇంకో రైలు వచ్చింది. ఖగడియా నుంచి రెండువందల పైచిలుకు మంది హమాలీలు అదే లింగంపల్లిలో దిగారు. యాసంగి వడ్లు గుట్టలు పడి వున్నాయి, మిల్లుల్లో మోసేవాళ్లు లేరు. పెద్దలు స్టేషనుకు వెళ్లి స్వాగతం చెప్పారు. దేశమంతా ఇళ్లకు పరుగెత్తుతున్న ఆ రోజుల్లో మన బియ్యం బస్తా కదలడానికి ఎవరి వీపు కావలసి వచ్చిందో ఆ ఒక్క రైలు చెబుతుంది. దాని మీద మన భాషలో ఎన్ని కథలు వచ్చాయి?

వలస మీద మన సాహిత్యం తక్కువేమీ కాదు. పాలమూరు కూలి బొంబాయి వెళ్లడమూ, కరీంనగర్ చేనేత కార్మికుడు గల్ఫ్ వెళ్లడమూ, శ్రీకాకుళం మనిషి మద్రాసు రైలెక్కడమూ మన కవులకూ కథకులకూ తెలుసు. 2014 జూన్ 28న చెన్నై మౌళివాక్కంలో పదకొండు అంతస్తుల కట్టడం కూలి 61 మంది చనిపోయారు. వారిలో అనేకులు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు. మనం ఏడ్చాం. చెన్నైలో ఆ ఉదయందాకా వాళ్లూ ఎవరికో "వాళ్లే". మన ఊరినుంచి పోయేవాడు కావ్యవస్తువూ, మన ఊరికి వచ్చేవాడు జనాభా సమస్యానా? ఒరిస్సా బొలంగీర్ నుంచి ఇటుకబట్టీకి వచ్చిన కుటుంబం మన పొలిమేరలోనే ఆరునెలలు వుంటుంది. దాని భాష మనకు రాదు. నేర్చుకోవాలని మనలో ఎందరికి తోచింది?

ఇక్కడ ప్రబంధాల మాట ఎత్తితే కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. అయినా చెబుతాను. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పే చోట కృష్ణదేవరాయలు ఒక అధికారి సంగతి చెబుతాడు. బాధలు పడలేక రైతులు ఊరు విడిచిపోతే వాళ్లను వెనక్కు పిలవకుండా, వాళ్ల పశువులు, ధాన్యం అమ్ముకోవచ్చుననీ, ఇళ్ల కలప పొయ్యిలోకి పనికివస్తుందనీ సంబరపడే అధికారిని యుద్ధభూమిలో తిరిగే నక్కతో పోల్చాడు. అటువంటివాణ్ణి నమ్ముకున్న రాజు ఏడు దీవులు ఏలినా బాగుపడడన్నాడు. రాయలు అభ్యుదయవాది అని నేననను. పన్ను రావాలంటే మనిషి వుండాలన్నది ఆయన లెక్క, ప్రభువు లెక్క. ఆ ప్రభువు లెక్కలోనయినా పోయిన మనిషి మనిషిగా కనపడ్డాడు. మన లెక్కలో పోయినవాడు రెమిటెన్సు, వచ్చినవాడు రద్దీ.

మా కాలేజీలో కొత్త బ్లాకు కట్టారు. కట్టినవాళ్లు ఒరిస్సా, బెంగాలు మనుషులు. ప్రతి కట్టడం ఖర్చులోనూ నూటికి రూపాయి కార్మిక సంక్షేమం పేర సెస్సు కట్టాలని అప్పటి 1996 చట్టం చెప్పింది. మా కట్టడానికీ కట్టారట. ఆ సొమ్ము ఎవరి పేర కట్టారో ఆ కూలీలలో ఒక్కడి దగ్గరయినా బోర్డు కార్డు లేదు. మేస్త్రీని అడిగితే, "వాళ్లు ఇక్కడివాళ్లు కాదు గద సార్" అన్నాడు. దేశం మొత్తం మీద సంగతి సుప్రీంకోర్టే 2018 మార్చిలో తన తీర్పులో రాసింది: ఈ పద్దు కింద వసూలయినది 37,400 కోట్ల పైచిలుకు, ఖర్చయినది 9,500 కోట్లు. పన్ను తీసుకునేటప్పుడు మనవాడు, పంచేటప్పుడు వాళ్లవాడు. ఎవరి సొమ్ము ఎవరు తింటున్నారన్న ప్రశ్నకు ఇంతకన్న తిన్నని జవాబు నాకు ఏ కమిషన్ నివేదికలోనూ దొరకలేదు.

ఇంతా చదివి ఒక మిత్రుడు తప్పకుండా అడుగుతాడు: "అయితే మన వాటా తగ్గినా నోరుమూసుకు కూర్చోమంటావా?" మూసుకోవద్దు. నోరు ఎటు తిప్పి అరవాలో తెలుసుకుని అరవమంటాను. పదిహేనో కమిషన్ వంద రూపాయల్లో 41 రాష్ట్రాలకు పంచమన్నది. కాని సెస్సులూ సర్‌చార్జీలూ ఆ వందలోకి రావు. వాటిని కేంద్రం ఒక్కటే వుంచుకోవచ్చు. 2011-12లో కేంద్రం మొత్తం పన్ను రాబడిలో ఇవి పదో వంతు వుండేవి. 2020-21 నాటికి అయిదో వంతయ్యాయి. అంటే తమిళుడూ, తెలుగువాడూ, బీహారీ విస్తళ్లు వేసుకుని నీకెంత నాకెంత అని కొట్లాడుకుంటూ వుండగా, వంటింట్లోనే గుండిగ సగం ఖాళీ అవుతున్నది.

ఒక్క ఉదాహరణ చాలు. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో పెట్రోలు మీద మూల సుంకం తగ్గించి, వ్యవసాయ మౌలిక వసతుల పేర రెండున్నర రూపాయల సెస్సు పెట్టారు. కొనేవాడికి ధరలో తేడా తెలియలేదు. అప్పుడు లీటరు మీద కేంద్ర సుంకం మొత్తం 32 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవలసినది 1 రూపాయి 40 పైసలు. మిగతా 31 రూపాయల 50 పైసల్లో గుంటూరుకూ రాలేదు, ఖగడియాకూ పోలేదు. తిరువనంతపురంలో, అమరావతిలో, జంతర్ మంతర్‌లో సభలు జరిగాయి. ఆ 31 రూపాయల 50 పైసల కోసం పాట్నాను కూడా పిలిచి ఒక సభ పెట్టినట్లు మాత్రం నేను ఎక్కడా వినలేదు.